డీజిల్ కారులో ఈజీఆర్ సెట్ చేయడం ఎలా? స్కానర్ రీడింగ్ నుంచి రీలెర్న్ దాకా

స్విఫ్ట్, డిజైర్ డీజిల్ బండ్లు నడిపేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: “పికప్ పడిపోయింది, యాక్సిలరేటర్ తొక్కితే వెనక నల్ల పొగ కక్కుతోంది. మెకానిక్ ఈజీఆర్ అంటున్నాడు. దాన్ని సెట్ చేయడం ఎలా?”

ఈజీఆర్ అంటే ఇంజిన్ వదిలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకే పంపే వాల్వ్. బీఎస్4 కాలపు, అంటే 2020 ఏప్రిల్‌కు ముందటి డీజిల్ ఇంజిన్‌లో దాన్ని తిప్పి సెట్ చేసే స్క్రూ అంటూ ఏదీ ఉండదు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, కొలుస్తుంది. ఆ లెక్క చూసుకుంటూ వాల్వ్‌ను తానే తెరుస్తుంది, తానే మూస్తుంది. మనం చేయగలిగినవి మూడు. గాలి లెక్క సరిగ్గా వస్తోందో లేదో చూడడం, వాల్వ్ ఎక్కడా పట్టేయకుండా కదిలేలా చేయడం, అది పూర్తిగా మూసుకునే స్థానాన్ని ఈసీయూకి మళ్లీ నేర్పడం. పని కూడా ఈ వరసలోనే జరగాలి. ఎక్కువ మంది నేరుగా రెండో దానితో మొదలుపెడతారు. వాల్వ్ తళతళలాడుతుంది, పొగ మాత్రం అలాగే ఉంటుంది.

ఇదంతా 1.3 లీటర్ మల్టీజెట్ ఇంజిన్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది. మారుతి స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగా, టాటా విస్టా, జెస్ట్, ఫియట్ పుంటో, లీనియా డీజిల్ బండ్లలో ఈ ఇంజినే తిరిగింది. మిగతా కామన్ రెయిల్ డీజిల్ కార్లకూ పద్ధతి ఇంతే, బోల్టుల చోట్లు మారతాయి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 కార్లలో డీపీఎఫ్ (మసిని పట్టే ఫిల్టర్) కూడా ఈ లెక్కలో కలుస్తుంది. వాటిని ఇంట్లో విప్పమని నేను చెప్పను.

1. ముందు ఇది అర్థమైతే సగం పని అయినట్టే

సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది ఈజీఆర్. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి సిలిండర్‌లో మంట వేడి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయి.

ఐడ్లింగ్‌లో, నిదానంగా పోతున్నప్పుడు వాల్వ్ తెరుచుకుంటుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మూసుకుంటుంది, ఎందుకంటే అప్పుడు ఇంజిన్‌కు కావలసింది స్వచ్ఛమైన గాలి.

తెరుచుకుని ఇరుక్కుంటే: పికప్ అడిగిన సమయంలో గాలి బదులు పొగ లోపలికి పోతుంది. నల్ల పొగ, బరువెక్కినట్టు పికప్, ఐడ్లింగ్‌లో వణుకు, ఒక్కోసారి స్టార్టింగ్ ట్రబుల్.

మూసుకుని ఇరుక్కుంటే: డ్రైవింగ్‌లో పెద్ద తేడా ఉండదు. ఇంజిన్ టకటక కొంచెం పెరగవచ్చు, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది.

“ఈజీఆర్ బ్లాక్ అయింది, అందుకే పొగ వస్తోంది” అనే మాట గ్యారేజీల్లో తరచుగా వినబడుతుంది. దారి మూసుకుపోతే పొగ పెరగదు. మసి గడ్డ ఒకటి వాల్వ్‌కూ అది కూర్చునే సీటుకూ మధ్య ఇరుక్కుని, మూసుకోనివ్వకపోతే పెరుగుతుంది.

2. వాల్వ్ మీద చేయి వేసేముందు

నల్ల పొగకూ పికప్ తగ్గడానికీ ఈజీఆర్ ఒక్కటే కారణం కాదు. ఇవి అరగంటలో చూసుకోవచ్చు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

☐ ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. దుమ్ముతో నిండి ఉంటే మార్చండి. ఊదించి మళ్లీ వేస్తే కాగితం చిరిగే ప్రమాదం ఉంది.

☐ గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ, అక్కడి నుంచి ఇన్‌టేక్‌కూ పోయే రబ్బరు హోస్ పైపులను చేత్తో వంచి చూడండి. పగులు వంచితేనే కనిపిస్తుంది. క్లాంపు పక్కన తడి నూనె మరక ఉంటే అక్కడి నుంచి గాలి పోతోందేమో చూడండి.

☐ ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ నుంచి టర్బో దాకా ఉన్న పైపులో కూడా ఇదే పరీక్ష చేయండి. దీన్ని చాలామంది వదిలేస్తారు.

☐ సన్నని వ్యాక్యూమ్ పైపులు చివర్లలో చీలాయేమో చూడండి. మన ఎండలకు ఇవి త్వరగా గట్టిపడిపోతాయి.

☐ కూలెంట్ స్థాయి చూడండి. ఎక్కడా కారకుండానే తగ్గుతోందంటే ఈజీఆర్ కూలర్ (తిరిగి పోయే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) మీద అనుమానం పెట్టుకోండి.

పొగ లేకుండా పికప్ మాత్రమే తగ్గిందా? అయితే ముందు డీజిల్ ఫిల్టర్‌నూ మాఫ్ సెన్సర్‌నూ అనుమానించండి. గాలి తక్కువగా కొలిచే మాఫ్ ఉంటే ఈసీయూ డీజిల్ కూడా తగ్గించి పోస్తుంది. బండి మొద్దుబారుతుంది కానీ పొగ రాదు.

3. స్కానర్‌తో గాలి లెక్క తీయడం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

స్టీరింగ్ కింద ఉండే, ఈసీయూ వివరాలు చదవడానికి పెట్టిన ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్, ఫోన్‌లో ఒక ఓబీడీ యాప్ ఉంటే చాలు. ముందు ఫాల్ట్ కోడ్‌లు చదివి రాసుకోండి. వెంటనే చెరిపేయకండి. కోడ్‌తో పాటు ఈసీయూ దాచుకున్న ఆ క్షణపు వివరాలు కూడా పోతాయి.

పీ0401: రావలసినంత పొగ తిరిగి రావడం లేదు.
పీ0402: అవసరం కంటే ఎక్కువ వస్తోంది.
పీ0403: వాల్వ్ వైరింగ్ లేదా కాయిల్ సమస్య.
పీ0404: వాల్వ్ చెప్పిన స్థానానికి రావడం లేదు.
పీ0405, పీ0406: పొజిషన్ సెన్సర్ సిగ్నల్ మరీ తక్కువ లేదా మరీ ఎక్కువ.
పీ0101: మాఫ్ రీడింగ్ నమ్మేలా లేదు.

మొదటి రెండు కోడ్‌లు చాలామందిని తప్పుదారి పట్టిస్తాయి. వెనక్కి వచ్చే పొగను ఈ తరహా ఇంజిన్‌లో నేరుగా కొలిచే సాధనం సాధారణంగా ఉండదు. వాల్వ్ తెరిస్తే పొగ ఎంత చోటు ఆక్రమించిందో అంత మేర కొత్త గాలి తగ్గుతుంది. ఆ తగ్గుదలను మాఫ్‌లో చూసి ఈసీయూ అంచనా వేస్తుంది. అంటే మాఫ్ గాలిని తక్కువగా చూపిస్తే, వాల్వ్ నిక్షేపంగా ఉన్నా ఈసీయూకి “పొగ ఎక్కువైంది” అనే అనిపిస్తుంది. పీ0402 పడుతుంది. మాఫ్ తర్వాత పైపు పగిలి కొలతకు అందని గాలి లోపలికి వచ్చినా ఇదే జరుగుతుంది. మాఫ్ ఎక్కువ చూపిస్తే తిరకాసు ఇటువైపు వస్తుంది: ఈసీయూ వాల్వ్‌ను ఇంకా ఇంకా తెరుస్తుంది, నల్ల పొగ వస్తుంది, చివరికి పీ0401 కూడా పడవచ్చు. పీ0403 నుంచి పీ0406 దాకా ఉన్న కోడ్‌లు అలా కాదు, నేరుగా వాల్వ్‌నో దాని వైరింగ్‌నో చూపిస్తాయి.

ఇప్పుడు రీడింగులు. ఏసీ, లైట్లు ఆపేసి, ఇంజిన్ 80 డిగ్రీలు దాటేదాకా వేడెక్కనివ్వండి.

మొదటి రీడింగ్: ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్‌లోని గాలి పీడనం కొలిచేది) చూడండి. బయటి గాలి పీడనమే చూపించాలి. విజయవాడ, విశాఖ వంటి చోట్ల 100 కిలోపాస్కల్ దగ్గర, ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో 95 దగ్గర ఉంటుంది. దీనికి నాలుగైదు తేడా ఉంటే ముందు ఆ సెన్సర్ సంగతి చూడాలి.

రెండో రీడింగ్: ఐడ్లింగ్‌లో మాఫ్. ఎంత ఉండాలో మనమే లెక్క కట్టుకోవచ్చు. 1248 సీసీని నాలుగు సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి 312 సీసీ. 35 డిగ్రీల ఎండలో ఒక లీటరు గాలి బరువు కోస్తాలో సుమారు 1.14 గ్రాములు, హైదరాబాద్‌లో 1.07 గ్రాములు. సిలిండర్ 85 శాతం నిండుతుందనుకుంటే ఒక్క పీల్పుకు 285 నుంచి 300 మిల్లీగ్రాములు. 850 ఆర్పీఎం దగ్గర సెకనుకు 28 పీల్పులు. మొత్తం సెకనుకు దాదాపు 8 నుంచి 8.5 గ్రాములు. ఈజీఆర్ మూసి ఉన్నప్పుడు మాఫ్ ఈ చుట్టుపక్కల ఉండాలి, తెరుచుకుంటే స్పష్టంగా కిందికి దిగాలి. మీ బండి 1.5 లీటర్‌ది అయితే సీసీ మార్చి ఇదే లెక్క వేసుకోండి.

మూడో రీడింగ్: కమాండెడ్ ఈజీఆర్ శాతం (వాల్వ్‌ను ఎంత తెరవమని ఈసీయూ చెబుతోందో ఆ అంకె), మాఫ్ రెండూ ఒకే స్క్రీన్‌పై పెట్టి రెండు మూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో వదిలేయండి. చాలా కార్లలో కొంతసేపటికి ఈసీయూ తానే ఈజీఆర్‌ను మూసేస్తుంది. ఆ క్షణాన మాఫ్ పైకి లేవాలి. మీ బండిలో మూసుకోకపోతే, ఒకసారి రేస్ ఇచ్చి వదిలి, కమాండ్ మారినప్పుడు మాఫ్ ఏం చేస్తోందో చూడండి.

నాలుగో రీడింగ్: ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో పూర్తిగా తొక్కండి. కమాండ్ సున్నాకు రావాలి. ఫోన్ చూసే పని పక్క సీటులోని మనిషిది, డ్రైవరుది కాదు.

వచ్చిన అంకెలను ఇలా చదవండి.

కమాండ్ మారుతోంది, మాఫ్ ఎప్పుడూ తక్కువగానే ఉంది, నల్ల పొగ వస్తోంది: వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుంది. 4వ అంకానికి వెళ్లండి.

కమాండ్ మారుతోంది, మాఫ్ ఎప్పుడూ పైనే ఉంది: వాల్వ్ మూసుకుని ఇరుక్కుంది, లేదా దారి మసితో పూడిపోయింది. ఇదీ 4వ అంకమే.

మాఫ్ తక్కువ, కానీ పొగ లేదు, పికప్ మందం: మాఫ్ మీదే అనుమానం. దానికోసం అమ్మే ప్రత్యేక స్ప్రేతో కడిగి, ఆరనిచ్చి, మళ్లీ రీడింగ్ తీయండి.

కమాండ్‌కు తగ్గట్టు మాఫ్ చక్కగా పైకీ కిందికీ కదులుతోంది: మీ ఈజీఆర్ బాగానే ఉంది. విప్పకండి. టర్బో, ఇంజెక్టర్ల వైపు చూడండి.

ఈ రీడింగులన్నీ కాగితం మీద రాసి పెట్టుకోండి. పని అయ్యాక పోల్చడానికి అవే ఆధారం.

4. సరంజామా

☐ కొత్త ప్యాకింగ్‌లు, అంటే వాల్వ్‌కూ పైపుకూ వచ్చే గ్యాస్కెట్లు. ఇవి చేతికి వచ్చాకే విప్పడం మొదలుపెట్టండి.
☐ 8, 10, 12, 13 నంబర్ల పానాలు, సాకెట్ సెట్, అలెన్ కీలు, టోర్క్స్ బిట్లు
☐ టార్క్ రెంచి. అద్దెకో అరువుకో దొరికినా సరే.
☐ తుప్పు వదిలించే స్ప్రే
☐ కార్బురేటర్ క్లీనర్ లేదా ఈజీఆర్ క్లీనర్ స్ప్రే, రెండు డబ్బాలు
☐ పాత టూత్‌బ్రష్‌లు, ప్లాస్టిక్ గీకుడు ముక్క, నూలు గుడ్డలు
☐ చేతి తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు. ఎండిన మసి పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.
☐ మీ బండికి చెప్పిన రకం కూలెంట్, ఒక లీటరు
☐ మూతలున్న చిన్న డబ్బాలు, బోల్టులు వరసగా వేసుకోవడానికి

గాలి ఆడే చోట, చదునైన నేల మీద బండి ఆపండి. స్ప్రేలన్నీ మండేవే కాబట్టి దగ్గర్లో స్టవ్, సిగరెట్ ఏవీ ఉండకూడదు. ఇంజిన్ ఆపాక కనీసం రెండు గంటలు చల్లారనివ్వండి.

5. విప్పడం

1) తాళం తీసేశాక ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీయండి. చాలా బండ్లలో తాళం తీశాక కూడా ఈసీయూ కాసేపు మేలుకునే ఉంటుంది, వాల్వ్‌ను ఒకసారి తెరిచి మూసి చూసుకుంటుంది. మధ్యలో కరెంటు లాగేస్తే ఆ లెక్క చెడుతుంది.

2) వాల్వ్ ఎక్కడుందో తెలియకపోతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర మొదలుపెట్టండి. అక్కడి నుంచి ఇన్‌టేక్ వైపు పోయే ముడతల స్టీలు గొట్టం ఉంటుంది. దాన్ని అనుసరిస్తే కూలర్, వాల్వ్ రెండూ దొరుకుతాయి.

3) అడ్డంగా ఉన్న కవరు, ఎయిర్ పైపు తీసే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. వైర్లు ఏ క్లిప్పులోంచి పోతున్నాయో ఫొటోలో కనబడాలి.

4) బోల్టులకు తుప్పు స్ప్రే కొట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. ఎగ్జాస్ట్ వైపు బోల్టులు వేడికి బిగుసుకుపోయి ఉంటాయి. ఒకేసారి బలం పెట్టకుండా కొద్దిగా బిగించి, కొద్దిగా వదులు చేసి, అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే ఊడతాయి. అల్యూమినియంలో బోల్టు తల తెగిందంటే అరపూట పని రెండు రోజులకు పోతుంది.

5) వాల్వ్‌కు కూలెంట్ పైపులు ఉంటే, చల్లారిన ఇంజిన్ మీదే రిజర్వాయర్ మూత తీసి ఒత్తిడి వదలండి. పైపు తీసేటప్పుడు కింద గిన్నె పెట్టండి, వెంటనే పైపు నోరు మూయండి.

6) ఎలక్ట్రికల్ సాకెట్‌ను లాక్ నొక్కి తీయండి. వైరు పట్టుకుని లాగకండి.

7) వాల్వ్ బయటికి రాగానే ఇంజిన్ వైపు తెరిచి ఉన్న నోటిలో గుడ్డ కుక్కండి. ఒక మసి గడ్డ ఇన్‌టేక్‌లో పడినా అది నేరుగా సిలిండర్‌కే పోతుంది. ఎన్ని గుడ్డలు పెట్టారో గుర్తుంచుకోండి.

6. మసి ఏం చెబుతోందో చూసి, తర్వాత కడగండి

వాల్వ్‌ను వెంటనే స్ప్రేతో ముంచెత్తకండి. ముందు వెలుతురులో పెట్టి చూడండి.

పొడిగా, పలచగా ఉన్న నల్లని మసి మామూలే. లక్ష కిలోమీటర్లు తిరిగిన డీజిల్ బండిలో అది లేకపోతేనే ఆశ్చర్యం.

పొడిగానే ఉన్నా పొరలు పొరలుగా మందంగా పేరుకుంటే ఇంజిన్ ఎక్కువ పొగ పుట్టిస్తోందని అర్థం. గాలి లీకు, ఇంజెక్టర్లు, మాఫ్ చూసుకోకుండా వాల్వ్ కడిగితే మళ్లీ త్వరలోనే ఇదే పరిస్థితి.

తారులా జిగురుగా ఉంటే మసిలో ఇంజిన్ ఆయిల్ ఆవిరి కలిసింది. ఆ ఆవిరిని ఇన్‌టేక్‌కు పంపే బ్రీదర్ పైపు, టర్బో సీలు చూడాలి. ఆయిల్ స్థాయి గరిష్ఠ గీత దాటి పోశారేమో కూడా చూడండి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండ్లలో ఇది ఎక్కువ.

తెల్లని పొరలు, పెళుసు గడ్డలు, తడి, తియ్యని వాసన ఉంటే కూలర్ లోపల కూలెంట్ కారుతోంది. ఇక్కడ శుభ్రం చేసే పని ఆపేయండి, కూలర్ మార్చాలి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరసగా అంటుకున్నప్పుడు కారణంగా తేలింది ఈజీఆర్ కూలర్ లీకే. లక్షకు పైగా కార్లను వెనక్కి పిలిపించారు.

కడిగే పద్ధతి:

1) మోటారు, సాకెట్ ఉన్న వైపు పైకి, వాల్వ్ వైపు కిందికి ఉండేలా పట్టుకోండి. ద్రవం మోటారులోకి జారకూడదు. వాల్వ్‌ను ఏ ద్రావణంలోనూ మొత్తంగా ముంచి నానబెట్టకండి.

2) మందమైన పొరను ముందు ప్లాస్టిక్ ముక్కతో పొడిగానే గీకేయండి. తర్వాత స్ప్రే కొట్టి పదిహేను నిమిషాలు వదిలి, బ్రష్‌తో రుద్దండి. రెండు మూడు దఫాలు పడుతుంది.

3) వాల్వ్ అంచునూ అది కూర్చునే సీటునూ ఇనుప బ్రష్‌తోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకకండి. అక్కడ సన్నని గీత పడినా వాల్వ్ ఇక పూర్తిగా మూసుకోదు.

4) వాల్వ్ కాడ దగ్గర ఎక్కువ సమయం పెట్టండి. ఇరుక్కోవడానికి అసలు చోటు అదే.

5) కాస్టిక్ సోడా, ఓవెన్ క్లీనర్ వాడకండి. అల్యూమినియంను తినేస్తాయి. పెట్రోలు వద్దు, నిప్పు ప్రమాదం. మెత్తబడని జిగురుకు కిరోసిన్ పనికొస్తుంది, కానీ చివర్లో స్ప్రేతో దాన్ని పూర్తిగా వదిలించాలి.

6) గొట్టాన్నీ ఇన్‌టేక్ మొదలునూ కూడా చూడండి. చేతికి అందినంత వరకు గుడ్డతో తుడిచి తీయండి. అమర్చి ఉన్న ఇన్‌టేక్‌లోకి స్ప్రే కొట్టి లోపలికి కడగకండి.

7. బల్ల మీద పరీక్ష

☐ స్ప్రింగ్ ఉన్న వాల్వ్‌ను సున్నితంగా వేలితో నొక్కి వదలండి. తడబాటు లేకుండా తిరిగి వచ్చి “టక్”మని కూర్చోవాలి. గట్టిగా ఉంటే బలవంతం చేయకండి, లోపలి ప్లాస్టిక్ గేర్ల పళ్లు పోతాయి.

☐ మూసి ఉన్న వాల్వ్ మీద కొద్దిగా కిరోసిన్ పోయండి. ఒకటి రెండు చుక్కలు మెల్లగా జారితే ఫర్వాలేదు. ధారగా పోతే సీటు మళ్లీ శుభ్రం చేయండి, అయినా ఆగకపోతే వాల్వ్ మార్చాలి. పరీక్ష అయ్యాక తుడిచి ఆరబెట్టండి.

☐ కూలర్ మీద అనుమానం ఉంటే ఒక కూలెంట్ నోరు మూసి, రెండోదానికి గాలి పైపు బిగించి, నీళ్ల బకెట్‌లో ముంచి సుమారు 1 బార్ గాలి పెట్టండి. బుడగలు వస్తే కూలర్ పని అయిపోయినట్టే. వెల్డింగ్‌తో బాగుచేస్తామనేవాళ్లు ఉంటారు, నేనైతే నమ్మను.

☐ సాకెట్ పిన్నులు పచ్చబడ్డాయేమో, వంగాయేమో చూడండి.

పూర్తిగా ఆరాకే ముందుకు వెళ్లండి.

8. తిరిగి బిగించడం

కుక్కిన గుడ్డలు లెక్కపెట్టి తీయండి. పాత ప్యాకింగ్ ముక్కలేవీ ముఖాల మీద అంటుకుని ఉండకూడదు. స్టీలు ప్యాకింగ్‌కు పేస్టు, సీలెంట్ ఏదీ పూయనక్కర్లేదు. సిలికాన్ రాస్తే ఎగ్జాస్ట్ వేడికి ఊడి లోపలికి పోతుంది.

బోల్టులన్నిటినీ ముందు చేత్తోనే పెట్టండి. ముడతల గొట్టం ఉంటే దాని రెండు చివరలూ వదులుగా ఉంచి, వాల్వ్ కూర్చున్నాక బిగించండి. ఒక చివర ముందే బిగిస్తే గొట్టం మీద లాగుడు పడి కొన్నాళ్లకు పగులుతుంది.

టార్క్ మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఎంత ఉంటే అంతే. అది దొరకని పక్షంలో, అల్యూమినియంలోకి పోయే 6 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 8 నుంచి 10, 8 మిల్లీమీటర్ల బోల్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు. బోల్టు మందం కొలిచే చెబుతున్నాను, పానా నంబరు కాదు. 10 నంబర్ పానా పట్టే బోల్టు సాధారణంగా 6 మిల్లీమీటర్లదే.

కూలెంట్ నింపి, ఇంజిన్ నడిచేటప్పుడు గాలి బుడగలు పోయేలా చూసి, చల్లారాక స్థాయి మళ్లీ సరిచేయండి. బ్యాటరీ టెర్మినల్ చివర్లో పెట్టండి.

9. రీలెర్న్: వదిలేయకూడని మెట్టు

మసి పేరుకున్న కాలంలో వాల్వ్ మూసుకునే స్థానం కొంచెం జరిగి ఉంటుంది. ఈసీయూ దాన్నే సున్నాగా గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు వాల్వ్ శుభ్రమైంది, నిజమైన సున్నా వేరే చోట ఉంది. పాత లెక్కతోనే నడిస్తే పీ0404 వస్తుంది, లేదా ఐడ్లింగ్ తడబడుతుంది.

పద్ధతి ఒకటి, స్కానర్‌తో: డయాగ్నస్టిక్ స్కానర్‌లో ఈజీఆర్ అడాప్టేషన్, లెర్నింగ్, రీసెట్ అనే పేర్లలో ఏదో ఒకటి ఉంటుంది. ఫోన్ యాప్‌లో ఇది చాలాసార్లు దొరకదు, గ్యారేజీ స్కానర్ కావాలి. బ్యాటరీ వోల్టేజ్ 12.4కు తగ్గకుండా చూసుకుని, తాళం ఆన్‌లో, ఇంజిన్ ఆఫ్‌లో నడపండి. వాల్వ్ గిర్రుమని తెరిచి మూసుకునే చప్పుడు వినిపిస్తుంది.

పద్ధతి రెండు, గ్యారేజీ స్కానర్ లేకుండా: ఫోన్ యాప్‌తో కోడ్‌లు చెరిపేయండి. తాళం ఆన్ చేసి అర నిమిషం ఆగండి, ఆఫ్ చేసి రెండు నిమిషాలు ఆగండి. మూడుసార్లు ఇలా చేయండి. తాళం ఆపినప్పుడు తనంతట తానే సున్నా చూసుకునే ఈసీయూలకు ఇది సరిపోతుంది. సరిపోకపోతే ఒకటి రెండు రోజుల్లో లైటు వెలిగి అదే చెబుతుంది, అప్పుడు మొదటి పద్ధతే గతి.

కొత్త వాల్వ్ వేసినవాళ్లు మొదటి పద్ధతే పాటించాలి.

కొన్ని పాత ఫోక్స్‌వ్యాగన్, స్కోడా టీడీఐ డీజిల్ ఇంజిన్లలో స్కానర్ ద్వారా ఈజీఆర్ మోతాదును కొంత పెంచే, తగ్గించే వీలుంటుంది. మసి తగ్గుతుందని దాన్ని కనిష్ఠానికి లాగేవాళ్లు ఉన్నారు. మసి తగ్గే మాట నిజమే, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరిగే మాటా అంతే నిజం. కంపెనీ విలువ దగ్గరే ఉంచండి.

10. మొదటి స్టార్ట్, రోడ్డు పరీక్ష

మొదటిసారి సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒకరు ఇంజిన్ దగ్గర, ఒకరు సీటులో ఉండండి. మిగిలిన మసి, స్ప్రే ఆవిరి వల్ల కాసేపు పొగ వస్తుంది. రెండు నిమిషాల్లో తగ్గాలి.

డీజిల్ ఇంజిన్‌కు మండే ఆవిరి ఏది దొరికినా ఇంధనమే. ఇన్‌టేక్‌లో స్ప్రేనో ఆయిలో నిలిచి ఉంటే, తాళం తీసినా ఇంజిన్ తనంతట తానే పరుగెత్తవచ్చు. అలా జరిగితే మాన్యువల్ బండిలో వెంటనే పై గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలేయండి. బండి ఆగిపోతుంది. ఎయిర్ పైపు నోటిని చేత్తో మూయడానికి ప్రయత్నించకండి.

తర్వాత చూడవలసినవి:

☐ ప్యాకింగ్ దగ్గర “ఫుస్ ఫుస్” చప్పుడు, మసి మరక లేవు
☐ కూలెంట్ కారడం లేదు
☐ 3వ అంకంలోని నాలుగు రీడింగులూ మళ్లీ తీసి కాగితంతో పోల్చారు
☐ కమాండ్ సున్నా అయినప్పుడు మాఫ్ మీరు లెక్కకట్టిన అంకె దగ్గరికి వస్తోంది
☐ మూడో గేరులో పూర్తిగా తొక్కితే వెనక నల్ల మేఘం లేదు
☐ సిటీలో, హైవేలో కలిపి 50 కిలోమీటర్లు తిరిగాక కోడ్‌లు మళ్లీ చదివారు

11. తరచుగా జరిగే తప్పులు, వాటికి విరుగుడు

శుభ్రం చేశాక ఐడ్లింగ్ ఇంకా పాడైంది. రీలెర్న్ చేయలేదు, లేదా ఏదో ఒక పైపు సరిగ్గా కూర్చోలేదు. ఫొటోలతో పోల్చి చూసి, 9వ అంకం మళ్లీ చేయండి.

పీ0403 కొత్తగా వచ్చింది. సాకెట్ “క్లిక్” మనేదాకా నొక్కలేదు, లేక స్ప్రే మోటారులోకి పోయింది. సాకెట్ తీసి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ పెట్టండి.

మాఫ్‌ను కార్బురేటర్ క్లీనర్‌తో కడిగేశారు. మాఫ్ లోపల గాలిని కొలిచే సన్నని పొర దాన్ని తట్టుకోకపోవచ్చు. రీడింగ్ లెక్కకు అందకపోతే సెన్సర్ మార్చడమే దారి.

ట్యాంకులో క్లీనర్ సీసా పోస్తే ఈజీఆర్ శుభ్రమవుతుందనుకున్నారు. పేరుకుపోయిన గడ్డను అది కదిలించదు.

ఇంజిన్ నడుస్తుండగా ఇన్‌టేక్‌లోకి స్ప్రే కొట్టే వీడియో చూసి అదే చేశారు. ఇంజిన్ పరుగెత్తే ప్రమాదం గురించి పైన చెప్పాను. పైగా ఊడిన గడ్డలు టర్బో గుండానో సిలిండర్ గుండానో బయటికి పోవాలి. దీనికి విరుగుడు లేదు, చేయకపోవడమే.

రేకు ముక్క పెట్టి ఈజీఆర్ దారిని మూసేశారు. గ్యారేజీలో “బ్లాంకింగ్ ప్లేట్ వేసేద్దాం సార్, మళ్లీ గొడవ ఉండదు” అనే మాట మీరూ వినే ఉంటారు. మన పొల్యూషన్ పరీక్షలో డీజిల్ బండికి కొలిచేది పొగ నలుపును మాత్రమే. బీఎస్4 బండికి పరిమితి మీటరుకు 1.62. నైట్రోజన్ ఆక్సైడ్లను అక్కడ కొలవరు, కాబట్టి రేకు పెట్టిన బండికీ సర్టిఫికెట్ వచ్చేస్తుంది. అంతమాత్రాన అది సక్రమమైపోదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం కాలుష్య ప్రమాణాలు దాటితే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇక ఇంజిన్ సంగతి: మాఫ్ తగ్గడం లేదు కాబట్టి ఈసీయూ పీ0401 పెడుతుంది, కొన్ని బండ్లలో పవర్ తగ్గించేస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ మార్చాలంటారు, దానికి ఇంకో ఖర్చు. ఇప్పటికే రేకు ఉంటే తీసేసి, కొత్త ప్యాకింగ్‌తో బిగించి, రీలెర్న్ చేయించండి.

12. ఆ తర్వాత

ఎయిర్ ఫిల్టర్, ఇంజిన్ ఆయిల్ గడువులో మార్చండి, ఆయిల్ గరిష్ఠ గీత దాటనివ్వకండి. బండి ఊళ్లోనే తిరుగుతుంటే వారానికోసారి ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక అరగంట హైవే మీద 2500 ఆర్పీఎం దగ్గర నడపండి.

వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఐడ్లింగ్ మాఫ్‌ను ఒకసారి చూడండి. శుభ్రం చేసిన రోజు అంకె దగ్గరే ఉంటే మళ్లీ సర్వీసు దాకా దాన్ని ముట్టుకోనక్కర్లేదు. అప్పుడే కిందికి జారిపోయి ఉంటే వాల్వ్‌ను మళ్లీ విప్పకండి. ఆ మసి ఎక్కడ పుడుతోందో తేలాలి. ఇంజెక్టర్ల రిటర్న్ పరీక్ష, టర్బో షాఫ్ట్ ఆట ఈ రెండూ చూడమని మెకానిక్‌కు చెప్పి, మీరు రాసుకున్న రీడింగుల కాగితం ఆయన చేతికివ్వండి.